అన్నయ్య సేవ్ ఫైల్ కోసం విప్పిన స్క్రూలు

అటక సర్దుతుంటే ఒక అట్టపెట్టె దొరికింది. తెగిపోయిన ఇయర్‌ఫోన్లు, దేనివో తెలియని ఛార్జర్లు, వాటి అడుగున మా చిన్నప్పటి గేమ్‌బాయ్, నింటెండో వాళ్ల చేతిలో పట్టుకుని ఆడే గేమ్ యంత్రం. 1989లో వచ్చిన మొట్టమొదటి మోడల్ అది, ఇటుకంత మందంగా బూడిదరంగులో ఉండేది. మా చేతికి వచ్చేటప్పటికే ఎవరో వాడేసినది. పక్కనే రెండు కార్ట్రిడ్జ్‌లు, అంటే ఆటలుండే ప్లాస్టిక్ బిళ్లలు, పొట్ట ఉబ్బిన బ్యాటరీతో ఒక పీఎస్‌పీ, సోనీ వాళ్ల చేతి గేమ్ యంత్రం. ఫొటో తీసి అన్నయ్యకు పంపాను. రెండు నిమిషాల్లో ఫోన్ మోగింది.

"ఒరేయ్, ఆ వెండిరంగుది పోకెమాన్ సిల్వరేనా?"

"అదే అన్నయ్యా."

"అందులో నా గేమ్ ఉందంటావా ఇంకా?"

చూసి చెప్తానన్నాను. ఆ మాట నిలబెట్టుకోవడానికి రెండు నెలలు పట్టింది. మధ్యలో ఒక పాత ల్యాప్‌టాప్ కూడా బతికింది.

పీఎస్‌పీ సంగతి ముందే చెప్పేస్తాను, అందులో పెద్ద కథేం లేదు. ఉబ్బిన లిథియం బ్యాటరీని నొక్కకూడదు, గుచ్చకూడదు, "ఒకసారి ఛార్జ్ అవుతుందేమో చూద్దాం" అని అసలే అనుకోకూడదు. మెల్లగా బయటికి తీసి, ఈ-వ్యర్థాలు తీసుకునే చోట ఇచ్చేశాను. బ్యాటరీ లేకుండా అడాప్టర్ పెడితే పీఎస్‌పీ హాయిగా నడుస్తుంది. ప్రస్తుతానికి అది అలాగే, గోడకు కట్టేసినట్టు ఉంది.

గేమ్‌బాయ్ బ్యాటరీ మూత తీస్తే లోపల నాలుగు పెన్సిల్ సెల్స్ అలాగే ఉన్నాయి. చుట్టూ తెల్లటి పొడి, స్ప్రింగుల మీద ఆకుపచ్చ చిలుము. అందరం దీన్ని యాసిడ్ కారడం అంటాం. నిజానికి ఆల్కలైన్ సెల్ నుంచి కారేది క్షారం, పొటాషియం హైడ్రాక్సైడ్. గాలి తగిలి అదే పొటాషియం కార్బొనేట్‌గా మారి ఉప్పులా పేరుకుంటుంది. అందుకే దీనికి విరుగుడు వెనిగర్. గ్లవ్స్ వేసుకుని, ఇయర్‌బడ్‌ను వెనిగర్‌లో తడిపి రుద్దితే బుసబుసమని నురగ వచ్చింది. నురగ ఆగేదాకా రుద్ది, ఆ తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచాను. వెనిగర్‌ను అక్కడే వదిలేస్తే అది కూడా లోహాన్ని తింటుంది కాబట్టి ఈ రెండో తుడుపు మానకూడదు. ఒక స్ప్రింగ్ ముట్టుకోగానే విరిగిపోయింది. దాని బదులు కొత్తది అతికించాను.

కొత్త సెల్స్ వేసి స్విచ్ జరిపితే ఎర్ర దీపం వెలిగింది, ఆరింది, మళ్లీ వెలిగింది. స్విచ్ లోపల కూడా పొర కట్టింది. కాంటాక్ట్ క్లీనర్ రెండు చుక్కలు వేసి యాభై అరవై సార్లు అటూ ఇటూ ఆడించాక దీపం నిలకడగా వెలిగింది. ఈ పాత హ్యాండ్‌హెల్డ్‌లలో "చచ్చిపోయింది" అనుకునేవాటిలో చాలా వాటికి ఉన్న జబ్బు ఇంతే, మురికి. భాగాలు కొనే ముందు శుభ్రం చేసి చూడాలి.

మారియో ఆట కార్ట్రిడ్జ్ పెడితే స్క్రీన్ మీద నింటెండో లోగోకు బదులు ఒక నల్లటి దిమ్మ కిందికి దిగి ఆగిపోయింది. ఇది చూసి భయపడనక్కర్లేదు. గేమ్‌బాయ్ ఆన్ కాగానే కార్ట్రిడ్జ్‌లో ఉన్న నింటెండో లోగోను చదివి, తన లోపలున్న ప్రతితో పోల్చుకుంటుంది. తేడా ఉంటే అక్కడే ఆగిపోతుంది. కార్ట్రిడ్జ్ నుంచి ఏమీ చదవలేకపోతే కనిపించేది ఆ నల్ల దిమ్మే. అంటే యంత్రం బాగానే ఉంది, కార్ట్రిడ్జ్ పిన్నులు మురికిగా ఉన్నాయి. చిన్నప్పుడు మేం నోటితో ఉఫ్ అని ఊదేవాళ్లం. దానివల్ల పిన్నులకు చేరింది ఉమ్మి తడి మాత్రమే. పని చేసిందనిపించడానికి కారణం కార్ట్రిడ్జ్‌ని తీసి మళ్లీ పెట్టడం. ఆల్కహాల్‌తో పిన్నులు తుడిస్తే ఇయర్‌బడ్ నల్లగా వచ్చింది, లోగో చక్కగా దిగింది.

అప్పుడు బయటపడింది అసలు సమస్య. స్క్రీన్ మీద ఏడు చోట్ల నిలువు గీతలు ఖాళీ.

ఈ స్క్రీన్‌లో 160 నిలువు వరసలు, 144 అడ్డు వరసలు. నిలువు వరసలకు సంకేతాలు స్క్రీన్ అడుగునున్న పల్చటి కేబుల్ నుంచి వస్తాయి. ఆ కేబుల్‌ను సోల్డర్‌తో కాకుండా, వేడితో నొక్కి అతికించారు. ముప్పై ఏళ్లకు ఆ అతుకు అక్కడక్కడా వదులవుతుంది. వదిలిన చోటల్లా ఒక గీత మాయం. మళ్లీ వేడి చేసి నొక్కితే చాలాసార్లు అతుక్కుంటుంది. అడ్డగీతలు పోతే మాత్రం ఈ చిట్కా సాధారణంగా పని చేయదు, అవి పక్కనుంచి వచ్చే వేరే అతుకు మీద ఆధారపడతాయి.

వెనుక ఉన్నవి మూడు కొమ్మల స్క్రూలు, వాటికి తగిన డ్రైవర్ కావాలి. డొప్ప రెండు భాగాలుగా విడిపోతుంది కానీ ఆ రెంటినీ కలుపుతూ లోపల ఒక రిబ్బన్ కేబుల్ ఉంటుంది. పుస్తకం తెరిచినట్టు మెల్లగా తెరవాలి, లాగితే అంతే సంగతులు. ముందు భాగంలోని బోర్డు విప్పి, మళ్లీ కేబుల్ తగిలించి, ఆట నడుస్తుండగానే సోల్డరింగ్ ఐరన్ పట్టుకున్నాను. వేడి తగ్గించి, కేబుల్ అతుకు మీద ఇస్త్రీ చేసినట్టు ఎడమనుంచి కుడికి జరిపాను. మొదటి గీత తిరిగి వచ్చినప్పుడు గట్టిగా అరిచాను, ఇంట్లోవాళ్లు చేయి కాల్చుకున్నాననుకున్నారు. రెండోది, మూడోది వచ్చాయి. ఆ ఊపులో ఒక చోట ఎక్కువసేపు ఆపేసరికి అప్పటిదాకా బాగున్న గీత ఒకటి పోయింది. చల్లారనిచ్చి, పావుగంట తర్వాత మళ్లీ చేస్తే అదీ వచ్చింది. చివరికి కుడి అంచున ఒకే ఒక్క గీత మిగిలింది. దాన్ని నేను ఇక ముట్టుకోలేదు. ఇప్పటికీ అలాగే ఉంది.

వెనుక వెలుతురు వచ్చే కొత్త స్క్రీన్లు ఈ మోడల్‌కు దొరుకుతాయి, బిగించుకుంటే రాత్రి కూడా ఆడుకోవచ్చు. ఒకసారి చూస్తే వదలబుద్ధి కాదంటారు, నిజమే. నాకు మాత్రం ఆ బఠాణీ రంగు తెర, వెలుతురు కోసం కిటికీ వైపు తిరగడం, పక్కనున్న చక్రం తిప్పి కాంట్రాస్ట్ సరిచేసుకోవడం, అదే కావాలనిపించింది. పసుపెక్కిన ప్లాస్టిక్‌ను హైడ్రోజన్ పెరాక్సైడ్, ఎండ కలిపి తెల్లగా చేసే పద్ధతి కూడా ఉంది. అదీ చేయలేదు. దాని వయసు దానికి ఉండనీ.

ఇక్కడిదాకా అన్నీ కలిసొచ్చేసరికి నాకు ధీమా ఎక్కువైంది.

సూపర్ మారియో ల్యాండ్ 2 కార్ట్రిడ్జ్‌లో సేవ్ కోసం ఒక బటన్ సెల్ ఉంటుంది. మన ఆట ఎక్కడిదాకా వచ్చిందో ఎస్‌ర్యామ్ అనే చిప్‌లో ఉంటుంది. ఆ చిప్‌కు కరెంటు పోతే అన్నీ మర్చిపోతుంది. గేమ్‌బాయ్ ఆపేసినప్పుడు దాన్ని మేల్కొలిపి ఉంచేది ఆ సెల్లే. ఇదంతా నాకు తెలుసు. తెలిసి కూడా, "ఇన్నేళ్లయింది, సెల్ ఎప్పుడో చచ్చిపోయి ఉంటుంది" అనుకుని, పాత సేవ్ ఉందో లేదో చూడకుండానే విప్పాను. కార్ట్రిడ్జ్ స్క్రూకు 3.8 మిల్లీమీటర్ల గేమ్‌బిట్ అనే ప్రత్యేకమైన బిట్ కావాలి, అది కొత్తగా వచ్చింది, వాడాలన్న ఉబలాటం. సెల్‌ను సోల్డర్ కరిగించి తీసేశాను. తీశాక, ఊరికే, మల్టీమీటర్ పెట్టాను.

2.9 వోల్టులు.

కొత్త సెల్‌కు ఉండేది 3. అంటే అది బతికే ఉంది. అందులో నా ఆట, ఆరు బంగారు నాణేల్లో నేను ఎన్ని సంపాదించానో, అంతా ఆ నిమిషం వరకు భద్రంగా ఉండి ఉండాలి. తీసిన సెల్ చేతిలో పట్టుకుని కాసేపు అలాగే కూర్చున్నాను. కొత్త సెల్ వేసి ఆన్ చేస్తే మూడు ఫైళ్లూ ఖాళీ.

అన్నయ్యకు చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నాది ముట్టుకోకు" అన్నాడు.

ముట్టుకోలేదు, మూడు వారాలు. గేమ్‌బాయ్‌లో పెట్టి చూడటానికి కూడా ధైర్యం చాలలేదు, స్విచ్ మళ్లీ మొరాయించి మధ్యలో కరెంటు ఆగిపోతే? పోకెమాన్ సిల్వర్ విషయంలో టెన్షన్ ఇంకా ఎక్కువ. ఆ కార్ట్రిడ్జ్‌లో పగలు, రాత్రి, వారం రోజులు లెక్కపెట్టే గడియారం ఉంది. గేమ్‌బాయ్ అటక మీద నిద్రపోతున్నా ఆ గడియారం అదే సెల్ మీద తిరుగుతూనే ఉంటుంది. అందుకే ఈ ఆట సెల్స్ మిగతావాటికంటే ముందే అయిపోతాయి.

చేయాల్సిన పద్ధతి ఒకటే: ముందు సేవ్‌ను కంప్యూటర్‌లోకి తీసుకోవాలి, ఆ తర్వాతే స్క్రూలు. దానికి కార్ట్రిడ్జ్ రీడర్లు ఉన్నాయి. నేను తీసుకున్నది జీబీఎక్స్‌కార్ట్ ఆర్‌డబ్ల్యూ అనే చిన్న బోర్డు. ఒక వైపు కార్ట్రిడ్జ్, ఇంకో వైపు యూఎస్‌బీ. దానితో మాట్లాడటానికి ఫ్లాష్‌జీబీఎక్స్ అనే ఉచిత ప్రోగ్రామ్. మరి కంప్యూటర్? ఆఫీసు ల్యాప్‌టాప్‌లో ఇలాంటివి పెట్టనివ్వరు. అప్పుడు గుర్తొచ్చింది బీరువా కింద పడి ఉన్న పాతది.

కోర్ 2 డ్యుయో, 4 జీబీ ర్యామ్, 1366×768 తెర. ఆన్ చేస్తే హార్డ్‌డిస్క్ టిక్కుటిక్కుమంటోంది, ఫ్యాన్ హోరెత్తుతోంది, తేదీ ప్రతిసారీ మొదటికి వెళ్లిపోతోంది. ఈ చివరి జబ్బుకు మందు సీఆర్2032 బటన్ సెల్. కార్ట్రిడ్జ్‌లోనూ ఇదే కథ, ఇక్కడా ఇదే కథ. హార్డ్‌డిస్క్ తీసి ఎస్‌ఎస్‌డీ వేశాను. పాత ల్యాప్‌టాప్‌కు ఇంత తక్కువ కష్టంతో ఇంత తేడా తెచ్చే మార్పు మరొకటి లేదు. ఫ్యాన్ రెక్కల వెనుక దుమ్ము కంబళి ముక్కలా ఊడి వచ్చింది. ప్రాసెసర్ మీద ఎండి పెళుసైన థర్మల్ పేస్ట్ గీకి, బఠాణీ గింజంత కొత్తది పెట్టాను. హోరు తగ్గింది.

పెన్‌డ్రైవ్ నుంచే నడిచే బటోసెరా, లక్కా లాంటి రెడీమేడ్ గేమింగ్ సిస్టమ్స్ ఉన్నాయి, ఆటలకు మాత్రమే అయితే అవే తేలిక. నాకు రీడర్ ప్రోగ్రామ్ కూడా కావాలి కాబట్టి ఎక్స్‌ఎఫ్‌సీఈ డెస్క్‌టాప్ ఉన్న తేలికపాటి లినక్స్ వేశాను. రీడర్ పెట్టగానే "పోర్ట్ తెరవలేకపోతున్నా" అంది. ఒక సాయంత్రమంతా కేబుల్ మార్చి మార్చి చూశాను. కేబుల్‌లో ఏ లోపమూ లేదు. లినక్స్‌లో సీరియల్ పోర్ట్ వాడాలంటే మన యూజర్ డయల్‌అవుట్ అనే గ్రూపులో ఉండాలి. చేర్చి, లాగవుట్ అయి వచ్చేసరికి పలికింది. ఒక్క ఆదేశం పని.

మొదట మారియో మీద ప్రయోగం చేశాను, అది ఎలాగూ ఖాళీయే కదా. ఆట మొత్తం 512 కేబీ. చదివాక చెక్‌సమ్ (చదివింది సరైనదో కాదో తేల్చే లెక్క) తప్పు అని చూపించింది. పిన్నులు మళ్లీ తుడిచి చదివితే సరిపోయింది. అంటే కంటికి శుభ్రంగా కనిపించినా, ఆట ఆడటానికి సరిపోయినా, పిన్నులు పూర్తిగా శుభ్రమైనట్టు కాదు. ఇంకో జాగ్రత్త: గేమ్‌బాయ్ కార్ట్రిడ్జ్‌లకు 5 వోల్టులు, గేమ్‌బాయ్ అడ్వాన్స్ వాటికి 3.3. రీడర్‌లో ఏది ఎంచుకున్నామో చూసుకోకుండా పెట్టకూడదు.

తర్వాత సిల్వర్. పిన్నులు తుడిచాను, ఆరనిచ్చాను, రీడర్‌లో పెట్టాను, సేవ్ బ్యాకప్ నొక్కాను. 32 కేబీ ఎంతసేపని, రెప్పపాటులో అయిపోయింది. ఆ ఫైల్‌ను పక్కన పెట్టి రెండోసారి తీశాను, రెండింటినీ పోల్చాను. ఒక్క బైట్ తేడా లేదు. రెండుసార్లూ ఒకేలా వచ్చిందంటే చదవడంలో తప్పు లేదని చాలావరకు నమ్మొచ్చు. అయితే లోపల ఉన్నది ఆటా, చెత్తా అన్నది ఇంకా తెలియదు.

అందుకు ఎమ్యులేటర్ కావాలి, అంటే కంప్యూటర్‌ను గేమ్‌బాయ్‌లా నటింపజేసే ప్రోగ్రామ్. రెట్రోఆర్చ్ పెట్టి, గేమ్‌బాయ్ కోసం గాంబట్టే అనే కోర్ దించుకున్నాను. ఆట ఫైల్ నా కార్ట్రిడ్జ్ నుంచి తీసిందే. మొదటిసారి తెరిస్తే కొత్త ఆట మాత్రమే చూపించింది. గుండె జారిపోయింది. సంగతేమిటంటే, రీడర్ ఇచ్చిన ఫైల్ పేరు చివర డాట్ ఎస్‌ఏవీ ఉంటుంది, రెట్రోఆర్చ్ వెతికేది డాట్ ఎస్‌ఆర్‌ఎమ్. పేరు మార్చి మళ్లీ తెరిచాను.

కంటిన్యూ. అన్నయ్య ముద్దుపేరు. బ్యాడ్జ్‌లు 13. ఆడిన సమయం 94 గంటలు.

తెర ఫొటో పంపాను. బదులు రాలేదు. గంట తర్వాత వీడియో కాల్ చేసి, "నా టీమ్ చూపించు" అన్నాడు. ఒక్కొక్కటీ చూపించాను. వాటిలో ఒకదానికి నా పేరు పెట్టి ఉంది, అందరికంటే తక్కువ లెవెల్‌లో. ఎందుకని అడిగితే నవ్వి మాట మార్చాడు.

ఆ వారమంతా ల్యాప్‌టాప్‌ను సరిచేస్తూ గడిపాను, పని లేకపోయినా. గేమ్‌బాయ్ బొమ్మను తెర నిండా సాగదీస్తే కొన్ని చుక్కలు లావుగా, కొన్ని సన్నగా వస్తాయి. ఇంటీజర్ స్కేలింగ్ పెడితే సరిగ్గా 5 రెట్లు, 800×720 దగ్గర ఆగుతుంది, పైనా కిందా కాస్త నలుపు మిగులుతుంది, చుక్కలన్నీ సమానం. పాత గ్రాఫిక్స్ కాబట్టి బరువైన సీఆర్‌టీ షేడర్ల (బొమ్మ రూపం మార్చే ఫిల్టర్ల) జోలికి పోలేదు, వేస్తే పాత ట్యూబ్ తెరలా బాగుంటుంది కానీ ఆట స్లైడ్‌షో అవుతుంది. చిన్న గళ్ల షేడర్ చాలు. బటన్ నొక్కడానికీ మారియో ఎగరడానికీ మధ్య ఆలస్యం అనిపిస్తే దాన్ని తగ్గించే రన్-అహెడ్ అనే సెట్టింగ్‌ను ఒక ఫ్రేమ్ పెట్టాను. ఒక ఫ్రేమ్ అంటే దాదాపు 17 మిల్లీసెకన్లే, అయినా వేలికి తెలుస్తుంది. ల్యాప్‌టాప్ కీబోర్డ్ మూడు మీటలు ఒకేసారి నొక్కితే ఒకదాన్ని మింగేస్తుంది, అందుకే యూఎస్‌బీ ప్యాడ్. శబ్దం చిటపటలాడితే ప్రాసెసర్‌ను కరెంటు పొదుపు నుంచి పర్ఫార్మెన్స్‌కు మార్చాలి. మొదటి ప్లేస్టేషన్ ఆటలదాకా ఈ ముసలి ల్యాప్‌టాప్ బాగానే లాగుతోంది. ఆపైవి అడిగితే అలుగుతుంది.

ఇక మిగిలింది కార్ట్రిడ్జ్ సెల్. విప్పి, తీయకముందే మల్టీమీటర్ పెట్టాను, ఈసారి బుద్ధిగా. 2.6. చివరి దశలో ఉంది.

"మార్చకుండా ఉండలేమా?" అన్నాడు అన్నయ్య.

"అది ఎప్పుడో ఒకరోజు చెప్పకుండా పోతుంది. ఫైల్ మూడు చోట్ల దాచాను, ఏం కాదు."

ఈ ఆటకు సీఆర్2025 కావాలి, అదీ ముందే ట్యాబ్‌లు వెల్డింగ్ చేసి అమ్మేది. మామూలు సెల్ మీద నేరుగా సోల్డరింగ్ ఐరన్ పెడితే వేడికి పగిలే ప్రమాదం ఉంది. టేపుతో అంటించే పద్ధతీ ఉంది కానీ కింద పడితే కదులుతుంది, కదిలితే సేవ్ పోతుంది. పాతది తీసి, ప్లస్ మైనస్ రెండుసార్లు చూసుకుని కొత్తది అతికించాను. స్క్రూ బిగించేటప్పుడు ముందు వెనక్కి తిప్పాలి. టక్కుమని పాత గాడిలో పడ్డాకే ముందుకు. లేకపోతే ప్లాస్టిక్‌లో కొత్త గాడి పడి, రెండు మూడుసార్లకే పట్టు పోతుంది.

రీడర్‌లో పెట్టి సేవ్‌ను వెనక్కి రాశాను. మళ్లీ చదివి పోల్చాను, సరిపోయింది. అప్పుడు మొదటిసారి ఆ కార్ట్రిడ్జ్‌ను గేమ్‌బాయ్‌లో పెట్టి ఆన్ చేశాను, అన్నయ్య వీడియో కాల్‌లో చూస్తుండగా. లోగో దిగింది. కుడి అంచున ఆ ఒక్క గీత ఖాళీగానే ఉంది. కంటిన్యూ నొక్కితే గడియారం తప్పుగా ఉంది, సరిచేయమంది. ఇది నా తప్పు కాదు. ఆ చిప్‌లో రోజుల లెక్క 511 దాకానే పడుతుంది, పాత సెల్ ఉన్నా ఇన్నేళ్లకు ఆ లెక్క ఎలాగూ దాటిపోయేది. మొదట ఏ వారమో అడిగింది. ఆ రోజు మంగళవారం, అదే పెట్టబోయాను.

"ఆగు, ఆగు. శుక్రవారం పెట్టరా" అన్నాడు అన్నయ్య.

"ఎందుకు?"

"ఆటలో యూనియన్ గుహ అడుగున లాప్రాస్ అనే పోకెమాన్ వచ్చేది శుక్రవారాలే. నాకు దొరకలేదు ఎప్పుడూ."

శుక్రవారం పెట్టాను.